ఇంట్లో కడిగిన మొదటి రీలు: మచ్చలు, ఊదారంగు, గీతలు. ఎక్కడ తప్పు చేశాను?

తెనాలి_ట్రైఎక్స్
మొన్న ఆదివారం మొట్టమొదటిసారి ఇంట్లో రీలు కడిగాను. కోడాక్ ట్రై-ఎక్స్ 400 అనే నలుపు-తెలుపు ఫిల్ము, 36 ఫ్రేములు. అందులో సగం మా నాయనమ్మవే. ఆవిడకి 86 ఏళ్ళు. అరుగు మీద కూచుని చింతపండులో పిక్కలు తీస్తుంటే పక్కన కూచుని తీశాను. వచ్చే ఏడు చింతపండుకి అట్లా కూచోగలదో లేదో, అందుకే ఈ రీలంటే నాకు ప్రాణం.

చేసింది చెప్తాను. డీ-76కి, అంటే బొమ్మని పైకి తెచ్చే డెవలపరుకి, సగానికి సగం నీళ్ళు కలిపాను. చార్టులో 9 నిమిషాల 45 సెకన్లు అని ఉంటే అంతే ఉంచాను. నీళ్ళు మిద్దె మీద ట్యాంకువి, మధ్యాహ్నం రెండింటప్పుడు పట్టాను, ఎంత వేడో చూడలేదు. డెవలపరు పనిని ఆపే స్టాప్‌బాత్ లేదు, మామూలు నీళ్ళే ఒకసారి పోసి పారబోశాను. బొమ్మని నిలబెట్టే మందు ఫిక్సరు తెలిసిన స్టూడియో ఆయన ఇచ్చాడు, అప్పటికే వాడింది, అందులో మూడు నిమిషాలు. తర్వాత కుళాయి కింద రెండు నిమిషాలు. చివర్లో రెండు వేళ్ళ మధ్య పెట్టి పైనుంచి కిందదాకా తుడిచి దండేనికి ఆరేశాను.

ఇప్పుడు చూస్తే ఫిల్ము మొత్తం గులాబీ, ఊదా కలిసిన రంగులో ఉంది. చివరి ఐదారు ఫ్రేముల్లో పాలు ఒలికినట్టు మసక. ఆరాక పెసరగింజంత తెల్లటి మచ్చలు కట్టాయి, అంచు చిక్కగా, మధ్యలో పల్చగా. ఒకటి సరిగ్గా నాయనమ్మ చెంప మీదే. పొడుగునా రెండు సన్నటి గీతలు. పైగా నెగటివు మరీ నల్లగా ఉంది, కిటికీకి పెట్టి చూసినా వెలుగు సరిగా రావట్లేదు.

రీలు అమ్మినాయన్ని అడిగితే ఫిల్ము మంచిదే, కడగడంలో తేడా అన్నాడు. నిజమేనా? వీటిని బతికించే దారి ఉందా?

ఒక్కరీలు
ముందు ఆ ఫిల్ముని ఇంక గుడ్డతో గానీ వేళ్ళతో గానీ ముట్టుకోకు. మిగతాది పెద్దలు చెప్తారు.

సోడియం_మేష్టారు
బాబూ, నువ్వు చెప్పినవి నాలుగు జబ్బులు. వేటికవే వేరు, ఒక్కొక్కటిగా చూద్దాం.

నలుపు: ఆ 9 నిమిషాల 45 సెకన్ల లెక్క 20 డిగ్రీలకి. 24 డిగ్రీలకే అదే చార్టు 7 నిమిషాల 45 సెకన్లకి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె ట్యాంకు నీళ్ళు 34కి తక్కువ ఉండవు. ఉడకాల్సినదానికి రెట్టింపు ఉడికింది నీ ఫిల్ము.

మసక, ఊదారంగు: ఫిక్సరు చచ్చిపోయింది, పైగా టైము చాల్లేదు. ఆ పాలరంగు ఇంకా కరగని సిల్వర్ హాలైడు, అంటే ఫిల్ములో వెలుగుని పట్టే వెండి ఉప్పు. ఊదారంగు ఫిల్ములో కలిపే రంగుమందుది. ట్రై-ఎక్స్‌లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మంచి ఫిక్సరూ, కావలసినంత కడుగుడూ పడితే పోతుంది.

మచ్చలు: నీళ్ళలో సున్నం.

గీతలు: ఫిల్ము మీది పూత జెలటిన్, వేడి నీళ్ళలో నానితే అది పెరుగు మీద మీగడంత మెత్తగా ఉంటుంది. వేలి మీద ఇసుకరేణువు ఒక్కటి ఉన్నా చాలు.

మొదటి మూడింట్లో రెండు బాగవుతాయి. కొత్త ఫిక్సరు కలిపి మళ్ళీ ఫిక్స్ చెయ్యి, పగటి వెలుగులోనే చేసుకోవచ్చు. తర్వాత శుభ్రంగా కడిగితే మసకా రంగూ పోతాయి, సున్నం కూడా చాలామట్టుకు వదులుతుంది. నలుపు తగ్గదు, కానీ ప్రింటు వేసేటప్పుడు ఎక్కువ వెలుగిచ్చి సరిపెట్టుకోవచ్చు. గీతలు పోవు.

లాల్‌బల్బు
మేష్టారు చెప్పింది సోలా ఆనా. నేను 1984 నుంచి వరంగల్‌ల మా మామ స్టూడియోల పనిచేసిన. ఎండాకాలమొస్తే పగలు రీలు కడుగుడే ఉండకపోయేది. తెల్లారుజామున నాలుగింటికి లేచి కడిగేది. రాత్రంత కుండల ఉన్న నీళ్ళు, రాతి గచ్చు మీద పెట్టిన డెవలపర్ సీసలు. ఫ్రిజ్జు ఎక్కడిది అప్పుడు?

ఇంకోటి. తమ్ముడు ట్యాంకుల, అంటే వెలుగు సొరని మూతడబ్బల, కడిగిండు కాబట్టి బతికిపోయిండు. కొందరు పాతకాలపోళ్ళు ఎర్రబల్బు కింద ఫిల్ము కడగొచ్చంటరు, నమ్మకుర్రి.

నల్లపరదా
లాల్‌బల్బు అన్నా, మీ పేరే అది కదా మరి :) మా నాన్న కూడా ఎర్రబల్బు కిందే నెగటివులు కడిగేవాళ్ళమని చెప్తారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

లాల్‌బల్బు
నల్లపరదా చెల్లె, మీ నాన్న చెప్పింది అబద్ధం కాదు. ఆర్థో ఫిల్ము ఉండేది, దానికి ఎరుపు కనపడదు. ఎర్రబల్బు కింద ట్రేల ఇటు అటు ఆడిచ్చుకుంట కడిగేటోళ్ళు. తర్వాత ప్యాంక్రోమాటిక్ వచ్చింది, దానికి ఎరుపు సుత కనపడ్తది, పూర్తి చీకటి కావాలె. మా మామ దాన్ని సగంల ఒక్కసారి చిక్కటి ఆకుపచ్చ బల్బు కింద నాలుగైదు సెకన్లు చూసి, ఇంకెంతసేపో చెప్పేటోడు. ఆ కన్ను అందరికి రాదు. ప్రింట్లేసే కాయితాలకు మాత్రం ఎర్రబల్బే, అందుకే నా పేరు.

నల్లపరదా
ఇప్పుడర్థమైంది, నాన్నకి చెప్తా. సంతోషిస్తారు.

నా అనుభవం ఒకటి. హైదరాబాద్‌లో ఎండల్లో ఛేంజింగ్ బ్యాగులో (వెలుగు పడకుండా ఫిల్ము ఎక్కించే నల్లసంచి) చేతులు పెట్టిన ఐదు నిమిషాలకి లోపలంతా చెమట. ట్యాంకులో పెట్టే ప్లాస్టిక్ చుట్టనీ రీలే అంటాం, అందులోకి ఫిల్ము సగం ఎక్కి ఆగిపోతుంది, తడి తగిలితే అతుక్కుంటుంది. ఒకసారి ఏడుపొచ్చింది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటాక బాత్‌రూంలో లైటార్పి, తలుపు కింద తువ్వాలు కుక్కి, చేతులు విడిగా పెట్టుకుని ఎక్కిస్తా. రీలుని ముందు హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడతా. ఫిల్ము మొదటి కొస మూలలు కత్తెరతో కాస్త గుండ్రంగా కత్తిరిస్తే ఎక్కడా తట్టుకోదు.

తెనాలి_ట్రైఎక్స్
మేష్టారూ, చదివాక ఊపిరి పీల్చుకున్నాను. రెండు సందేహాలు. ఫిక్సరు బతికుందో లేదో ఎట్లా తెలుస్తుంది? రెండు, 20 డిగ్రీలు మా తెనాల్లో ఎట్లా వస్తాయి? జనవరిలో తప్ప రావు.

సోడియం_మేష్టారు
ఫిక్సరుకి: రీలు మొదట్లో కత్తిరించే ముక్క పారెయ్యకు. వెలుగులోనే దాని మీద ఒక చుక్క ఫిక్సరు వేసి అర నిమిషం ఆగు, తర్వాత ముక్క మొత్తం ఫిక్సర్లో ముంచి గడియారం చూడు. చుక్క పడ్డచోటు ముందే తేటపడి ఉంటుంది కాబట్టి చుట్టుపక్కలది దానితో ఎప్పుడు కలిసిపోయిందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ టైముకి రెట్టింపు ఫిక్స్ చెయ్యాలి. కొత్తది కలిపినప్పుడు ఎంత పట్టిందో సీసా మీద రాసిపెట్టుకో. దానికి రెట్టింపు పట్టిన రోజున ఆ ఫిక్సరు పని అయిపోయినట్టే.

20 డిగ్రీలకి: నువ్వు సగానికి సగం కలుపుతున్నావుగా, అందులోనే ఉంది ఉపాయం. డెవలపరు 30 డిగ్రీలుంటే ఫ్రిజ్జులో పెట్టిన ఆర్వో నీళ్ళు 10 డిగ్రీలవి సమంగా పొయ్యి. 20 వస్తుంది. ఐసు నేరుగా వెయ్యకు, కరిగి పల్చనవుతుంది.

ఉప్పునీళ్ళు
గదిలో 36 ఉంటే ట్యాంకులో పోసిన 20 పది నిమిషాల్లో 23 అయిపోద్ది. ట్యాంకుని టబ్బులో నిలబెట్టండి. ఆ టబ్బు నీళ్ళలో వెయ్యొచ్చు ఐసు, ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి. నేను అందులోనే స్టాప్‌బాత్, ఫిక్సరు, కడిగే నీళ్ళ సీసాలు కూడా పెట్టేస్తాను. అన్నీ ఒకే వేడిలో ఉంటాయి.

ఫిల్టర్‌కాఫీ
20 కోసం ఇంత ఆరాటం ఎందుకు? నేను వేసవంతా 24లోనే కడుగుతా. చార్టులో టైము ఉంది, వాడుకుంటే అయిపోతుంది.

సోడియం_మేష్టారు
ఫిల్టర్‌కాఫీ గారితో సగం ఏకీభవిస్తా. 24 నిక్షేపంలా పనికొస్తుంది. కానీ టైము 5 నిమిషాల కిందికి దిగిందంటే డెవలపరు అంతటా సమంగా పట్టేలోపే పోసెయ్యాల్సి వస్తుంది, ఆకాశంలో చారలు కనిపిస్తాయి. 30 డిగ్రీల్లో వచ్చే చిక్కు అదే. వేడి దేశాల్లో ఇదివరకు డెవలపర్లో సోడియం సల్ఫేటు కలిపేవాళ్ళు, జెలటిన్ ఎక్కువ ఉబ్బకుండా. స్టాప్‌బాత్‌లో క్రోమ్ ఆలం వేసి గట్టిపరిచేవాళ్ళు. ఇప్పటి ఫిల్ములు వాటికంటే గట్టివి, మనకి అంత అవసరం లేదు.

లాల్‌బల్బు
క్రోమ్ ఆలం! ఆ ఊదారంగు పలుకుల డబ్బ ఇప్పటికి మా అటకమీద ఉన్నది. ఊటీ ఫ్యాక్టరీ ఇందూ ఫిల్ములు కడిగిన కాలం అది.

మంచుఊరి_మాధవి
మీ కష్టం చదువుతుంటే నాది తలకిందులుగా కనిపిస్తోంది. నేను మినెసోటాలో ఉంటాను. జనవరిలో కుళాయి నీళ్ళు 5 డిగ్రీలు. మొదటి ఏడాది 20లో డెవలప్ చేసి, ఫిక్స్ చేసి, నేరుగా ఆ మంచునీళ్ళ కింద పెట్టేశాను. ఫిల్ము మీద ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు సన్నటి పగుళ్ళు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ముఖమంతా వల పరిచినట్టుంది. వేడిలోంచి చల్లదనంలోకి ఒక్కసారిగా పోతే జెలటిన్ ముడుచుకుపోతుంది. తెనాలి తమ్ముడికి దీనికి తలకిందులుగా, చల్లదనంలోంచి వేడిలోకి పోయే ప్రమాదం ఉంది: 20లో డెవలప్ చేసి 34 నీళ్ళలో కడగొద్దు. మందు నుంచి నీళ్ళకి వెళ్ళేటప్పుడు 5 డిగ్రీలకి మించి తేడా ఉండకూడదు.

తెనాలి_ట్రైఎక్స్
అక్కా, అంటే కడిగే నీళ్ళు కూడా చల్లబరచాలా? అరగంట కుళాయి కింద పెట్టమని ఒక వీడియోలో చెప్పారు. అన్ని చల్లటి నీళ్ళు ఎక్కడ తేను?

నల్లపరదా
అరగంట కుళాయా! మా అపార్టుమెంటుకి ఏప్రిల్ నుంచి ట్యాంకరు నీళ్ళే. మా కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు రెండున్నర నిమిషాల్లో నిండుతుంది, అంటే నిమిషానికి 6 లీటర్లు. అరగంటకి 180 లీటర్లు ఒక్క రీలుకి. చెప్పిన వాళ్ళకి నీళ్ళ కరువు తెలియదు.

ఇల్‌ఫర్డ్ ఫిల్ము కంపెనీ వాళ్ళ పద్ధతి ఉంది, నాలుగేళ్ళుగా నేను చేసేది అదే. ఫిక్సరు పారబోశాక ట్యాంకు నిండా నీళ్ళు పోసి మూతపెట్టి 5 సార్లు తలకిందులు చెయ్యి, పారబొయ్యి. కొత్త నీళ్ళు పోసి 10 సార్లు. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి 20 సార్లు. అంతే. ఒకే రీలు పట్టే చిన్న ట్యాంకుకి విడతకి 300 మిల్లీలీటర్లు, మొత్తం లీటరు కూడా కాదు. లీటరు నీళ్ళు చల్లబరచలేమా?

లాల్‌బల్బు
చెల్లె, లీటరు నీళ్ళతోని హైపో, అంటే ఫిల్ముల మిగిలిన ఫిక్సరు మందు, పోతదంటే నేనొప్ప. మేము గంటసేపు కడిగేది. ఆ నెగటివులు నలభై ఏండ్లయినా ఇగో ఇప్పటికి తెల్లగ ఉన్నయి.

సోడియం_మేష్టారు
లాల్‌బల్బు గారూ, మీరు గంటసేపు కడగడం సబబే, ఎందుకంటే మీ ఫిక్సర్లో ఆలం ఉంది. గట్టిపరిచే ఫిక్సరు వాడితే హైపో జెలటిన్‌ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. ఇల్‌ఫర్డ్ పద్ధతి ఆలం లేని ర్యాపిడ్ ఫిక్సరుకి. రెండూ నిజమే, మందులు వేరు.

లోపల జరిగేది ఇది. జెలటిన్‌లో ఉన్న హైపో బయటి నీళ్ళలోకి వస్తుంది. లోపలా బయటా సమానమయ్యేదాకానే వస్తుంది, తర్వాత ఎంతసేపు ఉంచినా రాదు. పారబోసి కొత్తవి పోస్తే మళ్ళీ మొదలవుతుంది. పప్పు కడిగినట్టే. నిండు గిన్నెలో గంట ఉంచడం కంటే మూడుసార్లు వంచి కొత్త నీళ్ళు పొయ్యడం మేలు.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. చచ్చిన ఫిక్సర్లో తయారయ్యే వెండి సమ్మేళనాలు నీళ్ళలో కరగవు. వాటిని గంట కాదు, రోజంతా కడిగినా పోవు. ముందు ఫిక్సరు సరిగా ఉండాలి, కడగడం దాని తర్వాత మాట. మిగిలిపోయిన హైపో ఏళ్ళ తర్వాత గంధకంగా విడిపోయి బొమ్మలో వెండిని తింటుంది. పాత ఆల్బముల్లో పసుపుపచ్చగా, గోధుమరంగుగా మాసిపోయిన ఫోటోలు చాలావాటికి జరిగింది అదే.

ఒక్కరీలు
చూడండి, మన ఊళ్ళలో ఎవరూ డెవలప్ అనరు. "రీలు కడిగించావా", "ఫోటోలు కడిగించాలి" అంటారు. పని మొత్తానికి కడగడమనే పేరు. మా అమ్మయితే ఫోన్లో ఫోటోల్ని కూడా కడిగించమంటుంది.

ఉప్పునీళ్ళు
కడగడం మీద ఇంకో మాట, నా పేరు వెనక కథ కూడా అదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద మంచినీళ్ళకి కటకట. ఫిల్ముని సముద్రపు నీళ్ళతో కడిగితే మంచినీళ్ళకంటే తొందరగా హైపో వదులుతోందని గమనించారు. ఇప్పుడు అమ్మే హైపో క్లియరింగ్ మందులు ఆ ఎరుకలోంచి వచ్చినవే. విశాఖలో మా ఇంటికి బీచి దగ్గర, నేనూ ఒక పనికిరాని రీలు మీద చేసి చూశాను. చివర్లో మంచినీళ్ళతో కడగడం మాత్రం తప్పదు, ఉప్పు మిగిలితే బొమ్మని తినేస్తుంది.

ఫిల్టర్‌కాఫీ
సముద్రందాకా పోనక్కర్లేదు. సోడియం సల్ఫైటు లీటరుకి 20 గ్రాములు వేసి రెండు నిమిషాలు ఆడించి, ఆ తర్వాత కడిగితే అదే పని చేస్తుంది.

తెనాలి_ట్రైఎక్స్
కడుగుడు సరిపోయిందో లేదో ఇంట్లో తేల్చుకునే దారి ఉందా?

సోడియం_మేష్టారు
మందుల షాపులో పొటాషియం పర్మాంగనేటు దొరుకుతుంది, బావుల్లో వేసేది. గ్లాసుడు ఆర్వో నీళ్ళలో రెండు పలుకులు వేసి లేత ఊదారంగు ద్రావణం చేసుకో, చిటికెడు కాస్టిక్ సోడా పడాలి. కాస్టిక్‌ని చేత్తో తాకకు. రెండు గ్లాసుల్లో సమంగా పోసి, ఒకదాంట్లో ఫిల్ము నుంచి కారే నీటి చుక్కలు పట్టు, రెండోదాంట్లో వట్టి కుళాయి నీళ్ళ చుక్కలు అన్నే వెయ్యి. ఫిల్ము గ్లాసులో ఊదా కాస్తా నారింజలోకి తిరిగితే హైపో ఇంకా ఉన్నట్టు. రెండో గ్లాసు ఎందుకంటే నీళ్ళలో మురికి ఉన్నా రంగు మారుతుంది, అది తేల్చుకోడానికి.

నల్లపరదా
మచ్చల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. బోరు నీళ్ళు ఎంత వడకట్టినా సున్నం పోదు. కడగడం అంతా అయ్యాక ఆఖరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో. బ్యాటరీల షాపులో 5 లీటర్ల డబ్బా దొరుకుతుంది. అందులో వెట్టింగ్ ఏజెంటు (నీళ్ళు చుక్కలు కట్టకుండా జారిపోయేలా చేసే మందు), సీసా మీద రాసినంతే. నురుగు ఎక్కువైతే అదే మచ్చవుతుంది. రీలుని ట్యాంకులోంచి తీసి బయట ముంచండి, లేదంటే ఆ మందు ట్యాంకుకి పట్టుకుని తర్వాతి డెవలపర్లో నురగొస్తుంది.

ఫిల్టర్‌కాఫీ
గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలు. పదేళ్ళుగా అదే.

నల్లపరదా
అందులో సువాసనలూ రంగులూ కలుపుతారు ఫిల్టర్‌కాఫీ గారూ. మీకు సరిపడిందేమో, నాకు జిడ్డు చారలు మిగిలాయి. నాయనమ్మ ఫోటోల మీద ప్రయోగం వద్దు.

ఫిల్టర్‌కాఫీ
నాయనమ్మ విషయంలో ఒప్పుకుంటున్నా. తమ్ముడూ, మంచి మందే కొనుక్కో.

మంచుఊరి_మాధవి
ఫిల్టర్‌కాఫీ గారూ, మీ పేరు చూసి అడుగుతున్నా, కాఫీతో కడిగారా ఎప్పుడైనా?

ఫిల్టర్‌కాఫీ
అడిగారు కాబట్టి చెప్తున్నా! ఇన్‌స్టంట్ కాఫీ పొడి లీటరుకి 40 గ్రాములు, బట్టల సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16 గ్రాములు, 20 డిగ్రీల్లో 15 నిమిషాలు. బొమ్మ చక్కగా వస్తుంది. చవకరకం కాఫీయే బాగా పనిచేస్తుంది. వాసన మాత్రం భరించలేరు, మా ఆవిడ ఆ రోజు పుట్టింటికెళ్ళింది. ఫిక్సరు మాత్రం మామూలుదే కావాలి, దానికి వంటింట్లో బదులు లేదు.

ఉప్పునీళ్ళు
తెనాలీ, ఆ స్టూడియో ఫిక్సరుని మొక్కల్లో పొయ్యకు. దాన్నిండా వెండి. ప్లాస్టిక్ డబ్బాలో పోసి గిన్నెలు తోమే ఇనప పీచు వేసి కొన్ని రోజులు వదిలెయ్యి. ఇనుము కరుగుతుంది, వెండి నల్లటి బురదగా అడుక్కి దిగుతుంది. స్టీలు పీచు పనికిరాదు, తుప్పుపట్టే రకమే కావాలి.

లాల్‌బల్బు
ఎక్స్‌రే సెంటర్ల నుంచి వాడిన హైపో కొనుక్కపోయేటోళ్ళు ఉంటుండె. ఎందుకో మాకు మస్తు ఏండ్లకు సమజయింది.

కుండ సంగతి మళ్ళ చెప్త. మా దిక్కు ఎండాకాలం గాలి పొడిగుంటది, కుండల నీళ్ళు మంచిగ చల్లబడ్తయి. మీ కోస్తాల ఉక్కపోత, అంత చల్లబడవు. మీకు ఫ్రిజ్జు నీళ్ళు కలుపుకునుడే నయం.

తెనాలి_ట్రైఎక్స్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. కొత్త ర్యాపిడ్ ఫిక్సరు ఒక పాలుకి నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపాను. ముక్క పరీక్ష చేస్తే 50 సెకన్లలో తేటపడింది. పాత ఫిక్సర్లో కూడా పెట్టి చూశాను, ఆరు నిమిషాలైనా మసక పోలేదు. అక్కడే అర్థమైపోయింది.

ఫిల్ముని మళ్ళీ రీలుకి ఎక్కించి 5 నిమిషాలు ఫిక్స్ చేశాను. పోసినప్పుడు తెల్లగా ఉన్న ఫిక్సరు బయటికి గులాబీగా వచ్చింది. సల్ఫైటు రెండు నిమిషాలు, తర్వాత 5, 10, 20. మూడో విడత నీళ్ళు గాజుగ్లాసులో పట్టి చూస్తే రంగే లేదు. పర్మాంగనేటు కూడా మారలేదు. ఆఖర్న డిస్టిల్డ్ వాటర్లో ముంచి, ఈసారి తుడవలేదు, బాత్‌రూంలో వేలాడదీసి తలుపేసి రాత్రంతా వదిలేశాను. చెంప మీద మచ్చ పోయింది! రెండు గీతల్లో ఒకటి చింతపండు గంప మీదుగా పోయింది, పెద్దగా తెలియట్లేదు. రెండోది ఆవిడ భుజం మీద ఉంది, అది ఉంటుంది.

పొద్దున్నే నాయనమ్మకి కిటికీ దగ్గర పెట్టి చూపించాను. కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, "నా జుట్టు నల్లగా ఉందేంట్రా" అంది. నెగటివు అమ్మా, తలకిందులు అన్నాను. "ఉండనీ, బాగుంది" అంది.

ఒక్కరీలు
ఆ నెగటివు నుంచి ప్రింటు వెయ్యొద్దింక. అట్లాగే ఫ్రేము కట్టించు.

లాల్‌బల్బు
ప్రింటు ఎయ్యాలె. తమ్ముడూ, నా దగ్గర ఎన్‌లార్జరు ఉన్నది, నెగటివు నుంచి ప్రింటు పెద్దగ ఏసే మిషను. దాని బెల్లోస్ (ముడుతల సంచి) ఒక దిక్కు చినిగింది, నల్లబట్ట అతికిస్తే పనిచేస్తది. వానలు పడ్డంక ఓ దినం వరంగల్ రా. నెగటివులు నాలుగైదు చొప్పున కత్తిరించి కవర్ల పెట్టుకొని రా, చుట్ట చుట్టి తేకు.